చదివినదానికి చిరునామా

మన సాహిత్య వ్యాసాలలోనూ ఉపన్యాసాలలోనూ తరచుగా తగిలే మాట ఒకటి ఉన్నది: "ఎక్కడో చదివిన గుర్తు". వినడానికి అది వినయంలాగే ఉంటుంది. నిజానికి అది విన్నవారి నెత్తిన పెట్టిన బరువు. చెప్పినవారికి మాట దక్కుతుంది, విన్నవారికి వెతుకులాట మిగులుతుంది. విన్న పదిమందిలో ఒకరు ఆ మాటను తమ వ్యాసంలో వాడుకుంటారు. ఈసారి "ఎక్కడో" కూడా రాలిపోయి "పెద్దలు చెప్పినట్లు" అని తయారవుతుంది. మూడో చేతికి వచ్చేసరికి అది ఎవరో ఒక ప్రసిద్ధుని పేరు తగిలించుకుని దర్జాగా తిరుగుతూ ఉంటుంది.

చాటుపద్యాలకు ఇలా జరిగితే తప్పు పట్టలేము. అవి నోటి నుండి నోటికి నడిచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటివారు పూనుకుని పోగుచేసి "చాటుపద్య మణిమంజరి"గా అచ్చు వేయించారు గనుక మనకీమాత్రమైనా దక్కాయి. శ్రీనాథునివని చెప్పుకునే చాటువులలో నిజంగా ఆయనవి ఎన్ని అన్నది తేల్చడం ఈనాటికీ సులభం కాదు. కానీ అచ్చయిన పుస్తకాన్ని, ముద్రణ సంవత్సరమూ పేజీ సంఖ్యా ఉన్నదానిని, చేతిలో పట్టుకుని చదివినవాళ్ళం కూడా దానిని చాటువులాగే వాడుకుంటున్నామే, దానికి మాత్రం నాకు సమాధానం దొరకదు.

ఈ రోగానికి నాకు తెలిసిన మందు ఒకటే. చదివినప్పుడే, చదివినదాని చిరునామాతో సహా వ్రాసి పెట్టుకోవడం. ఆ వ్రాతను సొంత కంప్యూటరులో ఒక వికీగా పెట్టుకోవడం చాలా ఏళ్ళుగా నా అలవాటు. ఈ పద్ధతిని పుస్తకప్రియులందరికీ సిఫారసు చేస్తాను. అయితే ఇప్పటికే ఆ పని చేస్తున్న మిత్రులలో చాలామంది చేస్తున్న తీరుతో నాకు పేచీ ఉన్నది.

వికీ అన్నది హవాయి భాషలోని మాట. త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే "వికీ వికీ" బస్సు పేరు గుర్తుంచుకుని, వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తాను తయారుచేసిన మొట్టమొదటి వికీకి ఆ పేరు పెట్టాడు. ఏ పేజీనైనా అక్కడికక్కడే దిద్దవచ్చు, ఇంకా పుట్టని పేజీకి సైతం ముందే లంకె వేసి ఉంచవచ్చు. దాని ప్రాణమంతా ఈ రెండింటిలోనే ఉన్నది. తెలుగువారిలో చాలామందికి వికీ అనగానే 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాయే తలపుకు వస్తుంది. సొంత వికీ అంటే అదే యంత్రాంగం ఒక్క మనిషి కోసం, ఒక్క మనిషి చేతిలో.

పేచీ ఇక్కడే. వికీపీడియాలో మనం ఆధారం లేని వాక్యం వ్రాస్తే ఎవరో ఒకరు వచ్చి "మూలం ఏది?" అని నిలదీస్తారు, లేదా వాక్యాన్నే తీసేస్తారు. విసుగు పుట్టించే పని అయినా ఆ విజ్ఞాన సర్వస్వం ఈమాత్రం నమ్మదగినదిగా ఉన్నదంటే ఆ నిలదీతే కారణం. సొంత వికీ పెట్టుకున్నవారు లంకెలను, వర్గాలను, మూసలను అక్కడి నుండి సంతోషంగా తెచ్చుకున్నారు. నిలదీసేవాణ్ణి మాత్రం గుమ్మం బయటే ఉంచేశారు. ఒంటరి వికీలో అడిగేవాడు ఉండడు. మనకు మనమే అడుగుకోకపోతే అది "ఎక్కడో చదివిన గుర్తు"లకు కట్టిన మేడ అవుతుంది, అంతే.

సాధారణంగా కనిపించే పద్ధతి ఏమిటంటే, పుస్తకానికొక పేజీ. ఆ పేజీ నిండా నచ్చిన వాక్యాలు. చివర "చాలా మంచి పుస్తకం" అని ఒక ముక్తాయింపు. ఇది బీరువాలో ఉన్నదానిని మరొక బీరువాలోకి మార్చడమే. పుస్తకాన్ని కేంద్రంగా పెట్టుకున్నంత కాలమూ ఒక పుస్తకం మరొక పుస్తకంతో మాట్లాడదు. ఫోనుతో పేజీల ఫోటోలు తీసి పెట్టుకునేవారి సంగతి ఇంకా కనాకష్టం. ఏ పుస్తకాన్నైనా పది వాక్యాలకు కుదించి ఇచ్చే యంత్రాలు కూడా ఇప్పుడు వచ్చాయి. సారాంశం కావలసినవారికి అవి చాలు. కానీ సారాంశం పుస్తకానికి సంబంధించినది. నోటు అనేది చదివిన మనిషికి, ఆ పుస్తకానికి మధ్య జరిగిన వ్యవహారం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర" చాలామంది చదివినదే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాస్తూ వచ్చినది 1838లో పుస్తకమయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వివరణలతో దానిని మళ్ళీ వెలువరించారు.

నా వికీలో ఈ పుస్తకం పేరిట ఉన్న పేజీ చాలా చిన్నది. నేను చదివిన ముద్రణ ఏది, ఎక్కడ చదివాను, ఏ ప్రశ్నతో చదివాను అన్న మూడు సంగతులే అందులో ఉన్నాయి. చదివినదంతా వేరే పేజీలలోకి వెళ్ళిపోయింది. కృష్ణ, గోదావరి, నర్మద దాటిన సందర్భాలు "రేవులు, పడవలు" అన్న పేజీలో ఉన్నాయి. మజిలీలలో ఏ సరుకులు దొరికాయి, నీటి వసతి ఎలా ఉన్నది అన్నవి "బాటసారుల వసతులు" అన్న పేజీలో ఉన్నాయి. ఆ పేజీలోకే తరువాత చదివిన ఆత్మకథలలోని సంగతులు వచ్చి చేరాయి, కైఫీయతులలోని సత్రాల ప్రస్తావనలు చేరాయి. నేను ఏ వ్యాసం తలపెట్టకపోయినా ఆ పేజీ తనంతట తానే ఒక ప్రశ్న వేయడం మొదలుపెట్టింది: రేవు దాటించినవానికి కిరాయి ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న వీరాస్వామయ్య వేసినది కాదు. ఆ పుస్తకం పేజీలోనే అన్నీ కుక్కి పెట్టి ఉంటే నాకూ తోచేది కాదు.

ఇక చిరునామా సంగతి. "పేజీ 87" అని వ్రాసుకోవడం చిరునామా కాదు, ముద్రణ మారితే పేజీ మారుతుంది గనుక. ఈ విషయంలో మన పూర్వులు మనకంటె తెలివైనవారు. తాళపత్రానికి ఖాయమైన పేజీ అంటూ లేదు. ఏ రెండు ప్రతులలోనూ ఆకుల లెక్క ఒకటిగా ఉండదు. అందుకని వారు పర్వము, ఆశ్వాసము, పద్యము అని గ్రంథం లోపలి నుండే చిరునామా తీశారు. ఆ పద్ధతి ఆరేడు వందల ఏళ్ళ తరువాత అచ్చు యంత్రం వచ్చినా చెక్కుచెదరలేదు. ప్రక్షిప్తాల గొడవ వలన పద్యాల సంఖ్యలు ముద్రణకూ ముద్రణకూ కొంచెం జరుగుతాయి గనుక, భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్యలతో పాటు అది ఎవరి ముద్రణో కూడా వ్రాసుకోవాలి. కాశీయాత్ర వంటి పుస్తకానికి పేజీ కంటె తేదీయో మజిలీ పేరో మేలు. కన్యాశుల్కానికి అంకమూ స్థలమూ చెప్పాలి. అంతకంటె ముందు అది 1897 నాటి కూర్పా, 1909 నాటి కూర్పా అన్నది చెప్పాలి. ఆ రెండూ దాదాపు రెండు నాటకాలు. "కన్యాశుల్కంలో గురజాడ అన్నట్లు" అని కూర్పు చెప్పకుండా మొదలయ్యే వాక్యం కనబడితే నేను కొంచెం జాగ్రత్తగా చదువుతాను. పాత్ర అన్నదానిని కవి అన్నట్లు చెప్పడం అన్న దోషం వేరే ఉన్నది, దానిని ఇక్కడ ఎత్తుకోను.

"ఇంత తంటా దేనికి, వెతికితే దొరుకుతుంది కదా" అని ఒక మిత్రుడు అన్నారు. ఇంగ్లీషులో నోట్లు పెట్టుకునేవారికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. తెలుగులో చెల్లదు. మొదటి వికీలో పెద్దక్షరాలతో మొదలయ్యే రెండు మాటలను కలిపి వ్రాస్తే చాలు, అదే లంకె అయిపోయేది. మనకు పెద్దక్షరాలు లేవు, ఆ సౌకర్యమూ లేదు. జంట బ్రాకెట్లు తగిలించుకోవలసిందే. సరే, అది చిన్న విషయం. "చెరువు" అని వెతికితే పాత ముద్రణ నుండి ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసుకున్న "చెఱువు" దొరకదు. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాన్ని" దొరకదు, "పుస్తకపు" దొరకదు. "కాశీయాత్ర" అని వెతికితే "కాశీ యాత్ర" దొరకదు. ఇవన్నీ కంటికి కనబడే తేడాలు. కంటికి కనబడనిది మరొకటి ఉన్నది. "హైదరాబాద్‌లో" అని వ్రాసేటప్పుడు ద్ కిందికి లకారం ఒత్తుగా దిగకుండా ఆపడానికి యూనికోడులో వెడల్పు లేని అక్షరం ఒకదానిని మధ్యలో దాస్తాము. ఒక నోటులో అది ఉండి మరొక నోటులో లేకపోతే, చాలా సాఫ్ట్‌వేర్లకు అవి రెండు వేర్వేరు మాటలు. వెతుకుడు యంత్రం "లేదు" అంటుంది. మనమూ లేదనే అనుకుంటాము. నోటు మాత్రం అక్కడే ఉంటుంది.

అందుచేత వెతుకుడు మీద కాక పేర్ల మీద ఆధారపడాలి. వికీలో దీనికి దారిమార్పు పేజీ అని ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. బందరు అన్నా మచిలీపట్నమన్నా ఒకే పేజీకి వెళ్ళాలి. ఓరుగల్లు, వరంగల్లు, ఇందూరు, నిజామాబాదు, పాలమూరు, మహబూబ్‌నగర్, చెన్నపట్నం, మద్రాసు, చెన్నై: ఈ జంటలను ఒకసారి ఓపికగా కట్టుకుంటే జన్మంతా ఉపయోగపడతాయి. రచయితల పేర్లూ అంతే. ఆరుద్రను భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని, చాసోను చాగంటి సోమయాజులు అని వ్రాసిన వ్యాసాలు తగులుతూనే ఉంటాయి. దీనికి తలకిందులుగా, ఒకే పేరు ఇద్దరిదైన చోట్ల ఇంకొక ఏర్పాటు. తెలుగు వికీపీడియావారు దానికి "అయోమయ నివృత్తి" అని పేరు పెట్టారు. ఆ పేరు తట్టినవారెవరో గాని వారికి నమస్కారం. జీవితంలో ఇంకా చాలా చోట్లకు పనికివచ్చే మాట. శ్రీపాద అంటే కృష్ణమూర్తిశాస్త్రి గారా, సుబ్రహ్మణ్యశాస్త్రి గారా? ఇద్దరూ గోదావరి జిల్లాల వారే.

సంవత్సరాల పేర్లు మరీ కష్టం. నా వికీలో "నందన" అన్న పేజీ అచ్చంగా అయోమయ నివృత్తికే ఉన్నది. గుంటూరు సీమను పీల్చి పిప్పి చేసిన డొక్కల కరువు 1832-33 నాటిది. నందన సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువు అని కూడా అంటారు. అరవై ఏళ్ళకు 1892-93లో మళ్ళీ నందన వచ్చింది. 1952-53లో మళ్ళీ, 2012-13లో మళ్ళీ. పుస్తకం ముందు పుటలో ఒక్క "నందన" అన్న మాటే చూసి వ్రాసుకున్న నోటు అరవై ఏళ్ళు అటో ఇటో దొర్లిపోగలదు.

వర్గాల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కొత్తగా వికీ పెట్టుకున్నవారు మొదటి నెలంతా వర్గవృక్షం నాటడంలోనే గడుపుతారు. చదవడం మానేసి చదువుకు గూళ్ళు కట్టడమన్న మాట. షియాలి రామామృత రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ 1933లో మొదట అచ్చయింది. ఏ విషయాన్నైనా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం అన్న ఐదు ముఖాలుగా విడదీసి చూడవచ్చునని ఆయన తరువాత స్థిరపరచారు. లక్ష పుస్తకాల గ్రంథాలయానికి ఐదూ కావలసిందే. ఇంట్లో కూర్చుని చదువుకునేవానికి చివరి రెండూ చాలునని నా అనుభవం. ప్రతి నోటుకూ ఒక దేశం, ఒక కాలం. "1830లు" అన్న వర్గం తెరిస్తే కాశీయాత్రా, డొక్కల కరువూ, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సేకరణలూ పక్కపక్కన కనబడతాయి. విషయానుసారంగా పేర్చి ఉంటే ఇవి మూడూ మూడు మూలల్లో ఉండేవి. కొసరుగా ఒక ముచ్చట. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 1686లో తన నోటుపుస్తకాల సూచిక పద్ధతిని ఫ్రెంచి పత్రికలో ప్రకటించాడు. మాట మొదటి అక్షరమూ, దాని తరువాత వచ్చే మొదటి అచ్చూ కలిపి ఒక గడి. క అచ్చుతో కలిసి కా, కి, కు... ఆయన అంత కష్టపడి కనిపెట్టినది మన బడిపిల్లవాని గుణింతమే!

పద్ధతి కంటె ముఖ్యమైనది గొంతులను కలవనీయకపోవడం. ఏ నోటులోనైనా మూడు గొంతులుంటాయి: రచయిత అన్న మాట, దానిని నేను కుదించి చెప్పిన మాట, దాని మీద నేను అనుకున్న మాట. మొదటిదానికి కొటేషను గుర్తులు తప్పనిసరి. మూడవదానికి తేదీ తప్పనిసరి, నా అభిప్రాయం మారుతుంది గనుక. ఐదేళ్ళ తరువాత తెరిచినప్పుడు ఈ మూడూ కలగలిసి ఉంటే, నా ఊహను వీరాస్వామయ్యకు అంటగట్టవచ్చు, లేదా ఆయన వాక్యాన్ని నా సొంతమనుకుని వ్రాసేయవచ్చు. రెండవదానికి లోకంలో మర్యాదలేని పేరొకటి ఉన్నది. జర్మను సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ 1998లో చనిపోయేనాటికి తొంభైవేల నోటు చీటీలు వ్రాసిపెట్టుకున్నాడని ఈమధ్య అందరూ ఆశ్చర్యంతో చెప్పుకుంటున్నారు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ సంఖ్య కాదు. ఆయన పోయాక ఇతరులు ఆ పెట్టెలు తెరిచి ఏ చీటీ దేనికి ముడిపడిందో చదువుకోగలుగుతున్నారే, అది.

ఎందుకంటే దీనికి తలకిందులైన సంగతి నా ఇంట్లోనే ఉన్నది. మా మేనమామగారు బడిపంతులుగా పనిచేశారు. నలభై ఏళ్ళు ఊరూరి గ్రంథాలయాలలో పుస్తకాలు తెచ్చుకుని చదివి, నోటుపుస్తకాలలో వ్రాసుకున్నారు. ఆయన పోయాక పదకొండు పుస్తకాలు నా చేతికి వచ్చాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన చదువు ఎంత విశాలమో పుట పుటకూ తెలుస్తుంది. కానీ సగానికి సగం ఆయనకు తప్ప మరెవరికీ పనికిరావు. "చూ. పాత పుస్తకం, ఎర్ర అట్ట" అని ఉంటుంది. "ఇది ముందు చెప్పినదానికి విరుద్ధం" అని ఉంటుంది, ముందు ఎక్కడ? ఆయనకు ఆ లంకెలన్నీ తలలో ఉన్నాయి, ఆయనతోనే వెళ్ళిపోయాయి. ఈ పదకొండు పుస్తకాలను పుట పుటా నా వికీలోకి ఎక్కిస్తున్నాను. ఒక్కొక్క చిరునామా పట్టుకోవడానికి ఒక్కోసారి నెల పడుతున్నది.

వికీ మాత్రం శాశ్వతమా అంటే, అజాగ్రత్తగా ఉంటే నోటుపుస్తకం కంటె ముందే పోతుంది. జియోసిటీస్ 2009లో మూతపడింది. ఎందరో ఉచితంగా వికీలు పెట్టుకున్న వికీస్పేసెస్ 2018లో మూసివేత ప్రకటించింది. కాబట్టి ఎవరి అంగట్లోనో కాక మన యంత్రంలోనే ఉండాలి, మామూలు అక్షరాల ఫైళ్ళుగా ఉండాలి. ఏ సాఫ్ట్‌వేరు పోయినా తెరిచి చదువుకోగలగాలి. జెరెమీ రస్టన్ 2004లో విడుదల చేసిన టిడ్లీవికీలో వికీ మొత్తం ఒకే ఒక్క ఫైలు. పెన్‌డ్రైవులో వేసి జేబులో పెట్టుకోవచ్చు, ఇంకొకరి చేతిలో పెట్టి పోవచ్చు. నేను ఏటా ఉగాదికి ఒక నకలు తీసి మా అమ్మాయికి ఇస్తాను. తెరిచి చూస్తుందని కాదు.

వికీలో ఇంకా వ్రాయని పేజీకి వేసిన లంకె ఎర్రగా కనబడుతుంది. చాలామందికి అది చూడగానే చిరాకు, వెంటనే ఏదో ఒకటి వ్రాసి నీలం చేసేస్తారు. నేను వాటిని అలాగే ఉంచుతాను. ప్రస్తుతం నలభై పైచిలుకు ఉన్నాయి. వాటిలో మొండిది ఒకటి మా మామగారి ఏడవ పుస్తకం నుండి వచ్చింది: "గోదావరి రేవు కిరాయి, కులాన్ని బట్టి వేరు వేరు. శా. గారి పుస్తకం, పు. 112." అంతే ఉన్నది. పక్క నోట్లను బట్టి ఆయన దానిని 1961కి ముందే చదివి ఉండాలి. శా. అంటే శాస్త్రి అయి ఉంటుంది. గోదావరి ప్రాంతపు శాస్త్రులవి నాకు అందిన పుస్తకాలన్నీ తిరగేశాను, నూటపన్నెండవ పుటకు అటూ ఇటూ పదేసి పుటలు చదివాను, దొరకలేదు. చదువరులలో ఎవరికైనా ఈ సంగతి తగిలి ఉంటే దయచేసి చెప్పండి, ముద్రణ సంవత్సరంతో సహా.